రంగు కింద రేకు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత మంచులో పిల్లాపాపలతో కదిలి వచ్చిన మీకందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. వేదిక మీది వారందరి పేర్లూ చదవమని నాకొక కాగితం ఇచ్చారు. వారు ఏమీ అనుకోరన్న నమ్మకంతో దాన్ని జేబులో పెట్టుకుంటున్నాను, ఎందుకంటే నాకిచ్చిన పదిహేను నిమిషాలు నేను చెప్పవలసిన కారుకే చాలవు.

తక్కువ డబ్బులో పాత అమెరికన్ మజిల్ కారు కొనాలంటే ఏది కొనాలి, ఎంతలో కొనాలి, ఎక్కడ వెతకాలి అని మూడు భాగాలుగా మాట్లాడదామని రాసుకొచ్చాను. ముందుగా మజిల్ కారు అంటే ఏమిటో చెబుతాను. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉన్న రోజుల్లో, 1964 మోడల్‌కు పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 389 ఘనపు అంగుళాల ఇంజనును అదనపు ఎంపికగా చూపించి, జీటీఓ అన్న పేరుతో ఆ నియమాన్ని పక్కనుంచి దాటింది. పెద్ద కారు ఇంజనును చిన్న కారులో కూర్చి కుర్రవాడికి అందే ధరకు అమ్మడమే ఆ కిటుకు. 1968లో వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్ మూల ధర మూడు వేల డాలర్ల లోపే ఉండేది. డబ్బు లేని కుర్రాళ్ళ కోసం పుట్టిన ఈ కార్లు ఇవాళ డబ్బున్న తాతల గ్యారేజీల్లో ముసుగు కప్పుకుని పడుకున్నాయి.

కాబట్టి పెద్ద పేర్లను వదిలి వాటి తోబుట్టువులను చూడాలి. 318 ఘనపు అంగుళాల ఇంజనున్న ప్లిమత్ డస్టర్, 307 ఉన్న షెవర్లే నోవా, 289 ఉన్న మస్టాంగ్ కూపే, దాని అన్నలాంటి మెర్క్యురీ కూగర్ అటువంటివి. మస్టాంగ్‌ను మజిల్ కారు అనకూడదు, ‘పోనీ కారు’, అంటే గుర్రప్పిల్ల లాంటి చిన్న షోకు కారు, అనాలి అని వాదించే మిత్రులు ఈ హాలులో ఇద్దరున్నారని తెలుసు. వారితో భోజనాల దగ్గర మాట్లాడతాను. 1972 తరువాతి కార్లను కూడా అంత తేలిగ్గా తీసెయ్యకండి. ప్లిమత్ 318 ఇంజనును 1971లో 230 గుర్రాల శక్తి (హార్స్‌పవర్) అని, 1972లో 150 అని ప్రకటించారు. ఎనభై గుర్రాలు రాత్రికి రాత్రి పారిపోలేదు. అంతకుముందు ఇంజనును ఒంటరిగా బల్ల మీద పెట్టి కొలిచేవారు, ఆ ఏడాది నుంచి ఆల్టర్నేటరు, సైలెన్సరు వంటి సరంజామా అంతా తగిలించి కొలిచారు. తేడాలో ఎక్కువ భాగం కొలతదే. అయినా జనం ఆ చిన్న అంకెను చూసి ముఖం తిప్పుకుంటారు గనుక, బరువైన బంపర్లను ఓర్చుకోగలిగితే ఆ కార్లు మనకు అందుబాటులో ఉంటాయి.

ఇక ఎంతలో కొనాలన్న రెండో భాగానికి వస్తున్నాను. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను, మా ఆవిడ వద్దని చెప్పి పంపినా సరే.

పన్నెండేళ్ళ కిందట, అక్టోబరు నెలలో, ఒహాయో సరిహద్దు దాటి ఒక చిన్న ఊళ్ళో 1967 మస్టాంగ్ కూపే చూశాను. సాయంకాలపు ఎండలో ఎర్రగా నిగనిగలాడుతోంది. అమ్మే పెద్దమనిషి ఇంజను స్టార్టు చేశాడు, ఆ చప్పుడు నా గుండెలో దిగింది, తొమ్మిది వేల డాలర్లు అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను. తిరుగు ప్రయాణంలో టొలీడో దాటాక వాన పట్టుకుంది. పది నిమిషాల్లో నా బూట్లు తడిశాయి. అద్దాలు మూసే ఉన్నాయి, పైకప్పు కారడం లేదు, నీళ్ళు డాష్‌బోర్డు కింద నుంచి నా పాదాల మీదికి ధారగా దిగుతున్నాయి.

ముందు అద్దానికి కింద, బానెట్‌కు వెనుక, గాలి లోపలికి పోయేందుకు సన్నని చీలికలున్న రేకు ఒకటి ఉంటుంది. దాన్ని కౌల్ అంటారు. ఆ చీలికల్లో పడ్డ వాన నీరు లోపలి తొట్టిలోంచి పక్కలకు జారి పోవాలి. ఆకులూ చెత్తా పేరుకుని ఆ తొట్టి తుప్పుపడితే, నీరంతా సరాసరి కార్పెట్టు కిందికి దిగి నేల రేకును తినేస్తుంది. తొట్టిని మార్చాలంటే బానెట్టు, ముందు ఫెండర్లు, అద్దం విప్పి, స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి, పై రేకు లేపాలి. నాకు చెప్పిన కూలి కారు ధరలో సగం దాటింది. కార్పెట్టు ఎత్తి చూస్తే, నేల రేకు మీద లప్పం పూసి, దాని మీద నల్లరంగు కొట్టి ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి అంబాసిడర్‌ను చూసే టింకరింగ్ మేస్త్రీ, ఎవరు ఏ కారు తెచ్చినా ఇంజను వంక చూసేవాడు కాదు. వేలి కణుపులతో డోరు అడుగు నుంచి డిక్కీ దాకా తడుతూ ఒక చుట్టు తిరిగేవాడు. “రేకు పలకాలి బాబూ, మూగగా ఉంటే లప్పమే” అనేవాడు. పదేళ్ళ వయసులో విన్న మాట నలభై ఏళ్ళ వయసులో ఎర్ర రంగు చూసి మరిచిపోయాను.

అందుకే మూడు భాగాల ప్రణాళికను ఇక్కడితో వదిలేస్తున్నాను, మన్నించండి. మనం ఉన్నది డెట్రాయిట్ పక్కన. ఈ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. బయట మీ కార్ల చక్రాల చుట్టూ తెల్లగా కనిపిస్తున్నదంతా మంచు కాదు, అందులో సగం రోడ్ల మీద చల్లిన ఉప్పే. ఇక్కడి చలికాలాలు చూసిన పాత కారు కంటే అరిజోనా ఎండకు డాష్‌బోర్డు పగిలి, సీట్లు చిరిగి, రంగు వెలిసిన కారు ఎంతో మేలు. రవాణా ఖర్చు వెల్డింగు కూలిలో ఏ మూలకూ రాదు. ఇంజను పాడైతే విప్పి మరొకటి దించవచ్చు, కానీ కారు బరువు మోసే అడుగు ఇనుప దూలాలు పుచ్చిపోతే విప్పడానికి అక్కడ కారే ఉండదు.

అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. వెనుక చక్రాల వెనకా, డోర్ల అడుగునా అది అంటుకోకపోతే అక్కడున్నది ఇనుము కాదు. పైకప్పుకు వినైల్ తొడుగు ఉంటే అంచుల్లో బుడగలు వెతకండి, అవి కింది తుప్పుకు గుర్తు. మస్టాంగ్ అయితే నేల మీద పొడి వార్తాపత్రిక పరిచి, రెండు లీటర్ల నీళ్ళు కౌల్ మీద మెల్లగా పోయండి. అమ్మేవాడు అడ్డుపడితే మీకు జవాబు దొరికినట్టే. చాసిస్ నంబరులో అయిదో అక్షరం కూడా చదవండి. అది 1967 మస్టాంగ్‌లో సీ అయితే 289, టీ అయితే ఆరు సిలిండర్ల కారు. టీ కారులో తరువాత ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను దించి ఉంటే, ఇరుసు, బ్రేకులు, స్ప్రింగులు కూడా మార్చారా అని అడగండి. చక్రానికి నాలుగే బోల్టులు కనిపిస్తే మార్చనట్టే.

చవకగా కొనడం వేరు, చవకగా బాగుచేయడం వేరు. డస్టర్ తక్కువకు దొరకవచ్చు, కానీ దాని అలంకార పట్టీల కోసం తుక్కు యార్డులు తిరగాలి. మస్టాంగ్‌కు నేల రేకు నుంచి ఫెండరు దాకా కొత్తగా తయారైనవే క్యాటలాగుల్లో దొరుకుతాయి. నా ఎర్ర కారు ఈ రోజుకీ ఉన్నదంటే అందుకే. నాలుగు చలికాలాలు పట్టింది, ఇప్పుడు ఏటా ఆగస్టు మూడో శనివారం, పాత కార్ల ఊరేగింపు జరిగే వుడ్‌వార్డ్ అవెన్యూ మీద దాన్ని తిప్పుతున్నాను.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక తమ్ముడు నన్ను ఆపి, ఫోనులో ఒక 1966 కారు ఫోటో చూపించి, రేపు అడ్వాన్సు పంపుతున్నానని చెప్పాడు. ఆ తమ్ముడు హాలులో ఎక్కడున్నాడో తెలియడం లేదు. బాబూ, డబ్బు పంపకు. ఆదివారం ఉదయం ఇద్దరం కలిసి వెళ్దాం, నీళ్ళ సీసా నేను తెస్తాను.