ఆరు గంటల ప్రార్థన

శ్రోతలందరికీ నమస్కారం. సంఘాల్లో ఉన్నవాళ్లకి వందనాలు.

ఈ రోజు తాగుడు గురించి మాట్లాడదామని వచ్చాను. తాగుడు చెడ్డదని చెప్పడానికి రాలేదు, ఆ సంగతి మనందరికంటే తాగేవాళ్లకే బాగా తెలుసు. మానాలని ఉండి, మోకాళ్ల మీద పడి ఏడ్చి, సాయంత్రమయ్యేసరికి మళ్లీ అదే కొట్టు ముందు నిలబడే మనిషి ఉంటాడు చూడండి, ఆ మనిషి కోసం వచ్చాను. ఆయనకి ప్రార్థన ఎలా పనికొస్తుంది, ఏ టైముకి పనికొస్తుంది, నేను చెప్పేది అంతవరకే. నాకిచ్చిన నిమిషాలు తక్కువ, అందుకని ఒక్క మనిషి కథే చెప్తాను. మా చిన్నాన్న కథ. చెప్పమని ఆయనే అన్నాడు, పేరు మాత్రం వద్దని పిన్ని అంది. పిన్ని మాటే నా మాట.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, ఇంట్లో తెలుగు అలాగే ఉండిపోయింది. నడిచి వెళ్లేంత దూరంలో పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. చిన్నాన్నది కొమ్ము పని. పశువుల కొమ్ముల్ని వేడి చేసి మెత్తబరిచి, కోసి, ఆకురాయితో రాసి, కొంగలూ దువ్వెనలూ దేవుడి బొమ్మలూ చేస్తారు. మా ఊరికి ఆ పనితో పేరు. కొంగ మెడ తీసేటప్పుడు చూడాలి ఆయన్ని. ఊపిరి బిగబట్టి, కళ్లు ఆర్పకుండా, పుల్లంత సన్నగా తీస్తాడు. ఆకురాయి వెంట్రుకవాసి పక్కకి జారితే మెడ పుటుక్కుమంటుంది, అంతవరకు చేసిన పనంతా పోతుంది. అలాంటి చేతులు ఆయనవి.

ఆ చేతులు పొద్దున్నే వణికేవి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా లుంగీ మీద ఒలికిపోయేది. ఒక గ్లాసు సారా పడితే తప్ప చెయ్యి కుదురుకునేది కాదు. పక్కనుండి చూసినవాళ్లకి అర్థమవుతుంది, ఆ పొద్దుటి గ్లాసులో సరదా ఏమీ లేదు. పని చేసుకోవడానికి తాగేవాడు, ఆ పని డబ్బులు మళ్లీ దానికే పోసేవాడు.

మరి ప్రార్థన చేసుకోలేదా అంటే, ఎందుకు చేసుకోలేదు. గుడ్‌ఫ్రైడే నాడు బైబిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు, ఈస్టర్ సాయంత్రానికి తాగి వచ్చాడు. పిల్ల తల మీద ఒట్టు వేశాడు, అదీ పోయింది. ఒట్టు పోయిన ప్రతిసారీ సిగ్గు, ఆ సిగ్గు మరిచిపోవడానికి మళ్లీ మందు. చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చునే మనిషి వెనక్కి జరిగాడు, తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఆ తర్వాత రావడమే మానేశాడు. "దేవుడికి మొకం చూపించలేనురా" అనేవాడు నాతో. నాకప్పుడు ఇరవయ్యేళ్లు లేవు, ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడైతే చెప్తాను. ఒట్టు అనేది మన బలం మీద వేసేది. ఆ బలమే లేకనే కదా దేవుడి దగ్గరికి వచ్చింది. బలం లేదని చెప్పుకోవడానికి వెళ్లాల్సిన చోటికి బలం ఉన్నట్టు మాటిచ్చి వస్తున్నాం, ఓడిపోయాక అక్కడికే వెళ్లడం మానేస్తున్నాం. నాకు తెలిసి చాలామంది విశ్వాసం పోయేది ఇలాగే, తాగుడు వల్ల కంటే ఒట్టు వల్ల ఎక్కువ.

ఒక క్రిస్మస్ వారంలో మాత్రం ఎవరికీ చెప్పకుండా, ఒట్టు కూడా వేయకుండా, ఒక్కసారిగా ఆపేశాడు. ఇల్లంతా సంబరం. మొదటి రాత్రి చెమటలు, వాంతులు. సరేలే, విషం దిగిపోతోంది అనుకున్నారు. రెండో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. చీమలు లేవు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి పళ్లు బిగుసుకుపోయాయి. పక్కింటివాళ్లు దెయ్యం అన్నారు. మా వాళ్లలోనే ఒకాయన నూనె తెచ్చి ప్రార్థన మొదలుపెట్టి, ఆసుపత్రి అక్కర్లేదు, విశ్వాసం ఉంటే చాలన్నాడు. పిన్ని జుట్టు ముడేసుకుని లేచి, "ప్రార్థన ఆటోలో చెయ్యండి, నడవండి" అంది.

నా జీవితంలో నేను విన్న గొప్ప ప్రసంగం అదే. ప్రార్థన ఆటోలో చెయ్యండి, నడవండి. ఆటోలో నిజంగానే చేశారు, దారి పొడుగునా.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఏళ్ల తరబడి మందు మెదడుని అణిచిపెట్టి ఉంచుతుంది, మెదడు ఆ బరువుకి అలవాటు పడి ఎదురు తోస్తూ ఉంటుంది. బరువు ఒక్కసారిగా తీసేస్తే ఆ తోపు ఆగదు. మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి చెదిరి లేనివి కనబడవచ్చు, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో వైద్యం మందులిచ్చి మెల్లగా దించుతారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. ఇది దెయ్యం కాదు. విశ్వాసం చాలకా కాదు. కాబట్టి ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, రోజూ తాగే మనిషి, పొద్దున్నే చెయ్యి వణికే మనిషి, డాక్టరుకి చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మళ్లీ చెప్తున్నాను. చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మానమనే చెప్తున్నాను, ప్రాణంతో మానమని చెప్తున్నాను.

మన జిల్లాల్లో క్రైస్తవ్యం వచ్చిన దారి చూసినా ఇదే కనబడుతుంది. సవర కొండల మధ్య సెరంగోలో మిషనరీలు ప్రార్థనా మందిరంతో సరిపెట్టలేదు, ఆసుపత్రి కూడా పెట్టారు. మందు బిళ్ల వేసుకోవడం అవిశ్వాసం అయితే వాళ్లు అంత కష్టం ఎందుకు పడతారు? ఆ తర్వాత ఒక సభలో ఎవరో చిన్నాన్నని మాత్రలు పారేయమన్నారు. పారేయలేదు, దేవుడి దయ.

ఇంటికి వచ్చాక అసలు కథ మొదలైంది. శరీరంలోంచి మందు దిగింది, సాయంత్రం మాత్రం దిగలేదు. తాగుడు మానినవాళ్లని అడగండి, రోజంతా ఒక ఎత్తు, సాయంత్రం ఆరు గంటలు ఒక ఎత్తు. పని ముగుస్తుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి, కాళ్లు వాటంతట అవే ఆ సందులోకి తిరుగుతాయి. మన పక్క కొరత కూడా లేదు, కొండ దిగివచ్చే ఇప్పసారా ఉంది, జీలుగు కల్లు ఉంది, సీసాల మందు ఉంది. పొద్దున్న అయిదు గంటలకి చేసిన గంట ప్రార్థన ఆ సందు మొదట్లో గుర్తుండదు. ఇది చిన్నాన్న చెప్పిన మాట. "పొద్దుట నాకు దేవుడు బానే గుర్తుంటాడ్రా, సాయంత్రం ఆయన్ని నాకెవరో ఒకరు గుర్తు చెయ్యాల" అన్నాడు.

ఆ మాట మా సంఘంలో ఒక రిటైర్డ్ టీచరుగారు పట్టుకున్నారు. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు మనిషి కథ మీకు తెలిసే ఉంటుంది, నలుగురు ఆయన్ని పరుపుతో సహా మోసుకొస్తారు, జనం వల్ల లోపలికి దారి లేకపోతే ఇంటి పైకప్పు విప్పి యేసు ముందుకి దించుతారు. అక్కడ యేసు చూసింది ఎవరి విశ్వాసం? "వారి" విశ్వాసం అని ఉంటుంది. పడుకున్న మనిషి తనంతట తాను ఒక్క మాట అడిగినట్టు కూడా లేదు. నలుగురు మోశారు. టీచరుగారు ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, "మనకీ నలుగురు కావాలి, రోజుకొకరు, సాయంత్రం ఆరింటికి" అన్నారు. అంతే, వేరే పెద్ద ఏర్పాటేమీ లేదు.

ఒకరు టీచరుగారు, ఒకరు ఆటో నడిపే అబ్బాయి, ఒకరు సైకిల్ షాపాయన, నాలుగో మనిషిని నేను. వంతులు వేసుకున్నాం. ఆరింటికి ఫోను చెయ్యాలి, ఎత్తకపోతే అక్కడికి వెళ్లాలి. వెళ్లి నీతులు చెప్పకూడదు. తాగావా అని అడగకూడదు, వాసన చూడకూడదు. కలిసి నడిచి, మహేంద్రతనయ ఒడ్డు వైపు నుంచి చుట్టూ తిరిగి ఇంటికి తీసుకురావాలి, ఎందుకంటే దగ్గర దారిలో ఆ సందు ఉంది. మధ్యలో ఎక్కడో ఆగి ప్రార్థన. ప్రార్థన అంటే అరగంట కాదు. ఆయన చేసేది నాకు కంఠతా వచ్చు, "ప్రభువా, ఇప్పుడు తాగాలని ఉంది. ఈ రాత్రి నిద్దరోయే దాకా చూసుకో." తాగాలని ఉందని దేవుడికి చెప్పడం మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇరవయ్యేళ్ల ప్రార్థనల్లో తాగను తాగను అనే చెప్పాడు గానీ తాగాలని ఉందని ఎప్పుడూ చెప్పలేదట.

ఈ మధ్య ఒక పాత సంగతి తెలిసి, దీనికీ దానికీ పోలిక చూసి ఆశ్చర్యపోయాను. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో బిల్ అనే ఒక షేర్ల వ్యాపారి హోటల్లో నిలబడి ఉన్నాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది, చేతిలో బేరం చెడిపోయింది, ఎదురుగా బారు, లోపల నవ్వులు. అటు వెళ్లకుండా అక్కడున్న చర్చిల పట్టిక చూసి ఫోను చేశాడు. ఏమని? నేను మాట్లాడటానికి ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని. అలా దొరికిన మనిషి ఒక సర్జను, డాక్టర్ బాబ్. ఆపరేషన్లు చేసే చేతులు, తాగుడు పట్టిన చేతులు! నాకు వెంటనే కొంగ మెడ గుర్తొచ్చింది. ఆ ఏడాది జూన్ 10న బాబ్ చివరిసారి తాగాడు, ఆ ఇద్దరి మాటల్లోంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం అది. 1957లో బొంబాయికీ వచ్చింది. అక్కడ కూడా మొదటి మెట్టు మావల్ల కాలేదని ఒప్పుకోవడమే, ఆ తర్వాతే దేవుడి సాయం.

చిన్నాన్న అక్కడితో బాగైపోయాడని చెప్పి ముగిస్తే మీకు వినడానికి బాగుంటుంది, కానీ అలా జరగలేదు. ఏడు నెలల తర్వాత పాతపట్నంలో ఒక పెళ్లికి వెళ్లి తాగేశాడు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు ఆదివారం, చర్చికి వచ్చాడు. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, "నేను పడిపోయాను, మొన్న తాగాను" అని కూర్చున్నాడు. సాక్ష్యం అంటే మనకి గెలిచినవాళ్లు చెప్పేదే కదా అలవాటు. ఒక్క ప్రార్థనతో సీసా విసిరికొట్టాను అనే సాక్ష్యాలు నేనూ విన్నాను, అబద్ధమని అనను, దేవుడు అలా కూడా చేస్తాడు. కానీ అవి మాత్రమే వినబడే చోట నాలుగుసార్లు పడి లేచేవాడు నోరు విప్పలేడు. ఆ రోజు చర్చంతా చప్పుడు లేదు. సైకిల్ షాపాయన తన చోటు నుంచి లేచి వెళ్లి చిన్నాన్న పక్కన చాప మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు, ఊరికే కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆరింటికి వంతు నాది. నేను ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లు పెద్ద పెద్ద పనులు నెత్తినేసుకోకండి. ముందు డాక్టరు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసనాల నుంచి బయటపడటానికి ప్రభుత్వం ఉచిత ఫోను పెట్టింది, 14446. మనసు బాగోకపోతే టెలి మానస్ ఉంది, 14416. రాసుకోండి, 14446, 14416. ఆ తర్వాత మీ సంఘంలో నలుగురు. నలుగురు దొరక్కపోతే ఒక్కరు. వాళ్లకి తాగుడు గురించి ఏమీ తెలియక్కర్లేదు, టైము తెలిస్తే చాలు. మీరు చర్చికి వెళ్లేవాళ్లు కాకపోయినా, ఆరింటికి ఫోను చెయ్యడానికి ఎవరైనా ఉంటే అడగండి.

చిన్నాన్న మళ్లీ కొంగలు చేస్తున్నాడు, నిరుడు పిన్ని పుట్టినరోజుకి చేసిన కొంగ మెడ నేను చూసినవాటన్నిటిలోకి సన్నం. పెళ్లి తర్వాత మళ్లీ తాగలేదు, రేపటి సంగతి ఆయన చెప్పడు, నేనూ చెప్పను. ఇప్పుడు ఆయన వంతులో ఒక కుర్రాడున్నాడు, కాశీనగర్ వైపు వాడు, మేస్త్రీ పని. వాడికి సాయంత్రాలు చిన్నాన్నే ఫోను చేస్తాడు. ఈ ప్రసంగం ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి వస్తుంది, వినమని చెప్తే, "ఆరింటికా? నాకవదురా, ఆ టైముకి ఆడికి ఫోను చెయ్యాల" అన్నాడు.