ప్రసంగానికీ సాధన కావాలి

వేదికనలంకరించిన పెద్దలకు, తోటి దైవసేవకులకు వందనాలు. నా పరిచయానికే చాలా సమయం వెచ్చించారు గనుక నేరుగా విషయానికి వస్తాను.

వాక్యం చెప్పడం, అంటే సంఘంలో బైబిలు బోధించడం, దేవుడిచ్చిన వరమనీ, వరానికి సాధన అక్కరలేదనీ మనలో చాలామంది నమ్ముతారు. అదే, పాడే వరం పొందిన గాయకుడు గంటలకొద్దీ స్వరసాధన చేస్తే మెచ్చుకుంటాం. బోధకుడు తన ముగింపు మాటలను గదిలో నిలబడి పలికి చూసుకుంటే మాత్రం పరిశుద్ధాత్మ నడిపింపును నమ్మనివాడంటాం. తన శిష్యుడైన యువ బోధకుడు తిమోతి అభివృద్ధి అందరికీ కనబడాలని అపొస్తలుడైన పౌలు కోరాడు (1 తిమోతి 4:15). ఇరవయ్యేళ్ల సేవలో నిరుటి ప్రసంగానికీ ఈనాటి ప్రసంగానికీ తేడాయే లేకపోతే, కనబడడానికి ఏముంటుంది?

ఊరూరా తిరిగి బోధించిన ఆంగ్ల సువార్తికుడు జార్జ్ విట్‌ఫీల్డ్ ప్రసంగాలను 18వ శతాబ్దంలో స్వయంగా విన్న అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, విట్‌ఫీల్డ్ కొత్తగా కూర్చిన ప్రసంగమేదో, తిరిగిన చోటల్లా చెప్పి పదును పెట్టినదేదో తాను సులువుగా పసిగట్టేవాడినని ఆత్మకథలో రాశాడు. పలుమార్లు చెప్పినదానిలో ప్రతి ఊనికా, గొంతులోని ప్రతి ఎగుడుదిగుడూ చక్కగా కుదిరేవట. ఒకేచోట స్థిరపడిన బోధకులకు ఆ వీలుండదని కూడా ఫ్రాంక్లినే గుర్తించాడు. మన ఇబ్బంది అదే: ప్రతి ఆదివారం కొత్త ప్రసంగం, అదీ ఒక్కసారే. కాబట్టి మొదటిసారి పలకడం శనివారమే, ఖాళీ గదిలో, పైకి వినబడేలా జరిగిపోవాలి.

ఇక నా అసలు ఫిర్యాదు. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర చేయి కలిపి, "ఈరోజు వాక్యం బలంగా ఉంది అయ్యగారూ" అంటారు. ఏ మాట బలంగా ఉందో ఒక్కసారి అడిగి చూడండి. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ పొగడ్త మీదే మనం ఏళ్లు గడిపేస్తున్నాం. ఈమధ్య ఒక యువ సేవకుని రికార్డింగు విన్నాను. తర్వాతి ఆలోచన అందనప్పుడల్లా ఆయన నోట "హల్లెలూయా" వచ్చేది. సంఘం బదులు పలికేలోగా కాగితం చూసుకునేవాడు. స్తుతిని అలా వాడుకోవచ్చా, చెప్పండి! ఆయనకు నేను ఒక్కటే సూచించాను: నెలరోజులు మరే లోపం జోలికీ పోకుండా, మాట తట్టనిచోట మౌనంగా నిలబడడం నేర్చుకోమని. అన్నిటినీ ఒకేసారి దిద్దబోతే ఏదీ నిలవదు.

భోజనానికి లేచేముందు, పక్కనున్న సేవకునితో గత ఆదివారపు రికార్డింగు మార్చుకోండి. చివరి ఐదు నిమిషాలు వినండి చాలు. ప్రశంస రాయవద్దు, ఆయన పలికిన మాటల్లో మీకు అర్థంకాని ఒక్క వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితంపై రాసి ఆయన చేతికివ్వండి.