వాగ్దానపు కార్డు, లెక్కల పేపరు

(వేసవి యువజన శిబిరంలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వేదిక మీద ఉన్న పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి కూడా. ఒక్కొక్కరి పేరూ చదువుతూ పోతే నాకిచ్చిన అరగంట అక్కడే అయిపోతుంది. పోయిన ఏడాది మాట్లాడిన పెద్దమనిషి పన్నెండు నిమిషాలు వందనాలే చెప్పారు. వాచీ చూసుకుంటూ కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. ముప్ఫై మూడేళ్లు లెక్కల మాస్టారిగా చేసినవాణ్ణి, ఆ అలవాటు పోదు.

వెనక ఫ్లెక్సీ మీద ‘విశ్వాసంలో ఎదుగుదాం, ముందుకు చూద్దాం’ అని వేశారు. బాగుంది. పక్కన కొండ అంచున చేతులు చాచి నిలబడ్డ కుర్రాడి బొమ్మ కూడా వేశారు. ఆ కొండ మన వైపుది కాదు. మనకున్నది కొండవీడు. ఈ మే నెలలో ఆ కుర్రాణ్ణి అక్కడ నిలబెడితే ఐదు నిమిషాల్లో నీడ వెతుక్కుంటాడు.

నాలుగు అంశాలు రాసుకొచ్చాను. వాక్యం, ప్రార్థన, సహవాసం, సేవ. ఒక్కోదానికి ఏడు నిమిషాలు. మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. ఈ ఏడాది పదో తరగతిగానీ ఇంటర్‌గానీ రాసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి.

చూశారా! నేను రాసినవాళ్లు అన్నాను, ఎత్తింది మాత్రం పాసైనవాళ్లే. మిగతావాళ్లు చాప వైపు చూస్తున్నారు. ఆ స్తంభం పక్కన కూర్చున్న బాబు చాప పుల్లలు కూడా పీకుతున్నాడు. ఫరవాలేదు నాయనా, పీక్కో, చాప సంఘానిదే. పాసైనవాళ్లకు అభినందనలు, మీరూ వినండి. కానీ నేనివాళ మాట్లాడేది చాప వైపు చూస్తున్నవాళ్లతో. ఈ కాగితం జేబులో పెట్టేస్తున్నాను.

1974 డిసెంబర్ 31 రాత్రి. మాది కొమ్మమూరు కాలువ పక్కన పల్లెటూరు. తాటాకు గుడి, ఒక పెట్రోమాక్స్ లైటు. అయ్యగారికి చాలా ఊళ్లు ఉండేవి కాబట్టి నెలకోసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు ఉపదేశి గారే నడిపించేవారు. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పళ్లెంలో వాగ్దానపు కార్డులు పెట్టేవాళ్లు. ఇప్పుడు మీరు తీసుకుంటున్నారే, పూల బొమ్మలతో రంగురంగులవి, అలాంటివి కావు. ఉపదేశి గారి భార్య పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు నీలం సిరాతో వాక్యాలు రాసేవారు. నేను కళ్లు మూసుకుని ఒక ముక్క తీశాను. ఒక పక్కన ఎవరిదో సుముహూర్తం, రాత్రి రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు. రెండో పక్కన, దేవుడు నిన్ను తలగా ఉంచుతాడు గాని తోకగా ఉంచడు అని.

పదో తరగతి కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? పరీక్షల ముందు ఆదివారం సాక్ష్యాల టైములో, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే వేళ, లేచి నిలబడ్డాను. దేవుడు నన్ను తలగా చేస్తానన్నాడు, నేను ఫస్టు క్లాసులో పాసవుతున్నాను అని చెప్పేశాను. గుడంతా ఆమేన్ అన్నారు. ఇక అక్కడి నుంచి లెక్కల పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. అంతమంది ఆమేన్ అన్నాక కూడా చదివితే విశ్వాసం లేనట్టే కదా అనిపించింది. నవ్వకండి. పరీక్షల ముందు మీలో ఎంతమంది పెన్నులు, హాల్ టికెట్లు తెచ్చి ప్రార్థన చేయించుకున్నారో నాకు తెలుసు. అది తప్పని నేననను. పెన్నులో సిరా ఉంటే చాలదు, తలలో లెక్క కూడా ఉండాలంటున్నానంతే.

ఫలితాలు అప్పట్లో పేపర్లో నంబర్లుగా వచ్చేవి. బస్సులు ఆగేచోట కాఫీ హోటల్లో పేపరు చూశాను. నా ముందు నంబరు ఉంది. నా తర్వాత నంబరు ఉంది. ఆ రెండింటి మధ్య ఖాళీ కూడా వదల్లేదు వాళ్లు, పక్కపక్కనే అచ్చేశారు. తర్వాత తెలిసింది, లెక్కల్లో 27 వచ్చాయని. సాయంత్రానికి ఊళ్లో నా పేరు ‘తోక’.

నాలుగు ఆదివారాలు గుడికి వెళ్లలేదు. గంట కొట్టే వేళకు కాలువ గట్టు మీద కూర్చునేవాణ్ణి. మా నాయనమ్మ చదువుకున్నది కాదు. నాట్లకు, కోతలకు వెళ్లే మనిషి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది, ఇంట్లో బియ్యం ఎంత తక్కువున్నా సరే. ఐదో ఆదివారం ఆవిడే గట్టు మీదకొచ్చింది.

“ఏరా, గుడికి రావేం?”

“ఏం మొహం పెట్టుకుని రమ్మంటావు నాయనమ్మా?”

“ఉన్న మొహమే పెట్టుకుని రా. ఇంకోటెక్కడ తెస్తావు?”

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. వెనక కూర్చుందామంటే వినలేదు. సాక్ష్యాల టైము వచ్చింది. ఒకాయన గేదె ఈనిందని స్తోత్రం చెప్పాడు. ఇంకొకాయన కోర్టు వాయిదా కలిసొచ్చిందన్నాడు. అప్పుడు మా నాయనమ్మ లేచింది. చెంగు సర్దుకుంది. “మా పెద్దోడి కొడుకు లెక్కల పరీక్ష తప్పాడు. నాలుగు వారాలు దేవుడి మీద అలిగి కూర్చున్నాడు. ఇవాళ వచ్చాడు. దేవునికి స్తోత్రం” అంది. కూర్చుంది.

గుడిలో చప్పుడు లేదు. గేదె ఈనితే స్తోత్రం ఎలా చెప్పాలో అందరికీ తెలుసు. పరీక్ష తప్పితే ఏమనాలో ఎవరికీ తోచలేదు. కాసేపటికి ఉపదేశి గారు మెల్లగా స్తోత్రం అన్నారు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు.

ఆ సాయంత్రం ఉపదేశి గారు నన్ను ఇంటికి పిలిచి ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం తీయమన్నారు. గట్టిగా చదవమన్నారు. మొత్తం. మీరూ ఇవాళ రాత్రి పడుకునే ముందు చదవండి, ఫోన్లో అయినా సరే. 68 వచనాలు. మొదటి 14 దీవెనలు. అవి కూడా దేవుని మాట వింటే అనే షరతు మీద వచ్చినవి, ఒక జనాంగమంతటికీ చెప్పినవి. ఆ తర్వాత 54 వచనాలు శాపాలు. వాటిని ఏ కార్డు మీదా ఎవరూ రాయరు. 13వ వచనంలో తల అని ఉంది. చదువుకుంటూ పోయాను. 44కి వచ్చేసరికి నా గొంతు ఆగింది. అతడు తల, నీవు తోక అని ఉంది అక్కడ. అదే అధ్యాయం, అదే దేవుడు. ఉపదేశి గారు నవ్వారు. “మీ పిన్నమ్మ కత్తెరకి అందినంతే నీకు కార్డులో వచ్చిందిరా. మిగతాది పుస్తకంలో ఉంది” అన్నారు.

వాక్యం అనే నా మొదటి అంశం అదే. అయిపోయింది.

ఇప్పుడు మీ ముందు ఒక మాట ఒప్పుకోవాలి. దీనికోసమే అయ్యగారు పిలవగానే వస్తానన్నాను.

చాలా ఏళ్ల కిందట, ఇక్కడ కాదు, నేను పనిచేసిన ఇంకో ఊళ్లో, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇంటర్ తప్పింది. మంచి పిల్ల. గాయకబృందంలో ముందు వరసలో పాడేది. ఆ ఇంటికి పరామర్శకని నలుగురం వెళ్లాం. మాలో ఒక పెద్దాయన వాళ్ల అమ్మతో, ఆ పిల్ల వింటుండగానే, “ప్రార్థన తక్కువైందమ్మా మీ ఇంట్లో” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. వాళ్లిచ్చిన కాఫీ తాగుతున్నాను. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది, నిజంగానే వచ్చింది. అయినా నోరు మెదపలేదు. పెద్దాయన కదా, ఎందుకులే అనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, ప్రార్థన చేసి వచ్చేశాం.

ఆ అమ్మాయి తర్వాత పాసైంది. ఉద్యోగం చేస్తోంది. అప్పుడప్పుడు బజార్లో కనబడితే మాస్టారూ అని నవ్వుతూ పలకరిస్తుంది. గుడికి మాత్రం రాదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా రాలేదు.

పెద్దలారా, వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లారా, మీకే చెబుతున్నాను. నలభై ఏళ్లకు పైగా సాక్ష్యాలు వింటున్నాను. సీటు వచ్చింది, వీసా వచ్చింది, ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది. సంతోషమే. కానీ తప్పిన పిల్లవాడి గురించి స్తోత్రం చెప్పింది మా నాయనమ్మ ఒక్కతే. ఆ తర్వాత నేను మళ్లీ వినలేదు. గెలిచినవాళ్లకే మైకు ఇస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారు? దేవుడు తమ వైపు లేడనుకుంటారు. కుర్చీలు వేయడానికి, సౌండ్ బాక్సులు మోయడానికి మాత్రం వాళ్లే కావాలి మనకు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో మర్చిపోయారా? పిల్లలూ, ఎవరికైనా మనసు మోయలేనంత బరువుగా ఉంటే ఇంట్లో చెప్పండి. అయ్యగారికి చెప్పండి. నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా తీస్తాను. మాకెవ్వరికీ చెప్పుకోలేమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. దానికి సిగ్గుపడక్కర్లేదు.

బైబిల్లో తప్పినవాళ్లు లేరనుకుంటున్నారా? మార్కు ఉన్నాడు. పౌలు, బర్నబాలతో సువార్తకని బయల్దేరి, సగం దారిలో పెర్గేలో వాళ్లను వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయాడు. ఎందుకో రాయలేదు. ఇల్లు గుర్తొచ్చిందేమో, హాస్టల్లో చేరిన మొదటి వారం మీకు వచ్చినట్టు. తర్వాత ప్రయాణానికి అతన్ని తీసుకెళ్దామని బర్నబా అంటే పౌలు వద్దన్నాడు. గట్టిగా తగాదా పడి ఇద్దరూ విడిపోయారు. బర్నబా వాళ్ల బంధువు కూడాను, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు. ఏళ్లు గడిచాక, చెరసాలలో ముసలివాడైన పౌలు తిమోతికి రాస్తూ ఏమడిగాడు? చలికాలం రాకముందే రా, నా అంగీ తే, పుస్తకాలు తే, మార్కును కూడా తీసుకురా, అతను నాకు పనికొస్తాడు అని. వద్దన్న నోటితోనే! రెండో సువార్తకు ఉన్నది ఆ తప్పినవాడి పేరే. ఆ రోజు కాఫీ తాగుతూ కూర్చున్న నేను బర్నబాను కాలేకపోయాను. అందుకే ఇవాళ నాకీ మైకు కావాల్సొచ్చింది.

ముందుచూపు గురించి కూడా చెప్పాలిగా, ఫ్లెక్సీ మీద ఉంది. మీలో సగం మంది ఫోన్ స్టేటస్‌లో యిర్మీయా 29లో 11వ వచనం ఉంటుంది, మీ మేలు కోసమే నా ఆలోచనలు, మీకు నిరీక్షణ ఇస్తాను అని. దాని పైన 10వ వచనం చదివారా? బబులోనులో 70 ఏళ్లు నిండాక అని ఉంది. ఇప్పుడు లెక్క చెయ్యండి. అది బబులోనుకు బందీలుగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం విన్న బందీల్లో ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నాడనుకోండి. 15కి 70 కలిపితే? అమ్మా, నువ్వు చెప్పు. ఆ, 85. అప్పటికి ఎంతమంది బతికుంటారు? మరి ఈలోగా ఏం చెయ్యమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. మనమేమో ఆ వచనాన్ని జూన్‌లో వచ్చే సీటుకు వాడుకుంటున్నాం. డెబ్భై ఏళ్ల వాగ్దానాన్ని నలభై రోజులకు కుదించేస్తే టెన్షన్ రాక ఏమొస్తుంది?

మన గుంటూరుకు 1842 జులై 31న వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌కు అప్పటికి 49 ఏళ్లు. ఆయన పేరు మీకు ఏటా మిషన్ పండుగ రోజు వినిపిస్తుంది, వయసు ఎవరూ చెప్పరు. 1869లో రాజమండ్రి మిషన్ పనిని వేరే సొసైటీకి ఇచ్చేద్దామని అమెరికాలో సభ కూర్చుంది. ఎప్పుడో తిరిగెళ్లిపోయిన ఆ ముసలాయన లేచి, నేను వెళ్తానన్నారు. అప్పటికాయనకు 75 దాటాయి. ఓడెక్కి వచ్చారు కూడా. పదహారేళ్లకే నా పని అయిపోయిందని గట్టు మీద కూర్చున్న నాకు ఈ సంగతి ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

అయ్యగారు వాచీ చూస్తున్నారు. ప్రార్థన, సహవాసం, సేవ మిగిలిపోయాయి. వచ్చే ఏడాది పిలిస్తే చెబుతాను.

ఇంకో రెండు మాటలు. రాత్రి సాక్ష్యాల టైములో ఈసారి తప్పినవాళ్లను కూడా పిలవమని అయ్యగారిని అడిగాను, సరేనన్నారు. రావాలని బలవంతం లేదు. ఎవరూ రాకపోతే నేనే లేచి 27 మార్కుల సాక్ష్యం మళ్లీ చెబుతాను.

రెండోది, సప్లిమెంటరీలో లెక్కలు రాసేవాళ్లు రేపు పొద్దున టిఫిన్‌కు ముందు, ఆరున్నరకల్లా ఆ వేపచెట్టు కిందకు రండి. పుస్తకం, నోటు, రెండు పెన్సిళ్లు. త్రికోణమితితో మొదలుపెడదాం, మీరందరూ పోగొట్టుకున్నది అక్కడే అని నాకు తెలుసు. చాప పుల్లలు పీకుతున్న బాబూ, నువ్వు వస్తూ వస్తూ వంటింట్లో అడిగి నల్లబల్ల పట్టుకురా. మధ్యాహ్నం దాని మీదే ఉల్లిపాయలు తరుగుతున్నారు, ముందు కడగాలి.