చీమ ఒక్కటే ఎదురు ప్రశ్న వేసింది

అందరికీ నమస్కారం. ఎంఈవో గారికి, ఈ బడి హెచ్‌ఎం గారికి, మండలంలోని తెలుగు మాస్టార్లకీ టీచర్లకీ పేరుపేరునా చెప్పాలి గానీ, పేర్లు మొదలుపెడితే ఎవరో ఒకరిని మర్చిపోతాను, వాళ్లు వచ్చే ఏడాది దాకా గుర్తుపెట్టుకుంటారు. అందుకని అందరికీ కలిపి ఒకటే. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. మన శ్రీకాకుళం వైపు పుట్టినాయన, గ్రాంథికం వద్దు, వాడుక భాషే కావాలని పోరాడినాయన, పర్లాకిమిడి బడిలో మాస్టారుగా పనిచేసినాయన, సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాసినాయన. ఆయన గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇందాకే మాట్లాడేశారు. నాకిచ్చిన టాపిక్ వేరు. కాగితం మీద ఉన్నదున్నట్టు చదువుతాను: ‘ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులకు కథలోని మౌలిక అంశములను బోధించుట.’ అంశములను బోధించుట, అదీ గిడుగు వారి పుట్టినరోజున! సరే పోనివ్వండి.

ముందు ఒక మాట అడుగుతాను, మొహమాటం లేకుండా చెప్పండి. కథ పాఠం అయిపోగానే పిల్లల్ని మనం మొట్టమొదట అడిగే ప్రశ్న ఏంటి? ఆ, మేడమ్ గారు నవ్వుతున్నారు. ‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అంతే కదా. ఆ ప్రశ్న మీద నాకు కోపం. ఇవాళ నిన్న వచ్చింది కాదు, పాత కోపం. టాపిక్ ఏదైనా చివరికి అక్కడికే వస్తాను, ఇంట్లో వాళ్లకి కూడా అలవాటైపోయింది.

గైడు తీస్తే ఏముంటుంది? పాత్రలు, నేపథ్యం, ఇతివృత్తం, సంఘర్షణ, పరాకాష్ఠ, ముగింపు. ఒక్కోదానికి రెండేసి లైన్ల నిర్వచనం. పిల్లలు అవన్నీ ఒక్క రాత్రిలో బట్టీ పట్టేసి పొద్దున్నే అప్పజెప్పేస్తారు. మధ్యాహ్నం ‘ఒక కథ రాయండ్రా’ అంటే మాత్రం అనగనగా ఒక ఊరిలో రాముడు సోముడు అనే ఇద్దరు మిత్రులు, రాముడు మంచివాడు, సోముడు సోమరి. సోముడు కష్టాల్లో పడ్డాడు, రాముడు సాయం చేశాడు, నీతి: సోమరితనం పనికిరాదు. క్లాసంతా అదే రాముడు, అదే సోముడు. ఇంత నిర్వచనం వచ్చినవాళ్లకి ఒక్క కథ రాలేదంటే లోపం పిల్లల్లో ఉందంటారా?

అందుకే నేను ఏ క్లాసుకెళ్లినా పుస్తకం మూయించి ఏడు చేపల కథతో మొదలుపెడతాను. మీరు కూడా పెట్టండి. ఖర్చు లేదు, జిరాక్సులు అక్కర్లేదు, కథ రాని పిల్లాడు ఉండడు. అనగనగా ఒక రాజు, రాజుకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు... ఇక్కడి నుంచి మీరే చెప్పగలరు. ఆరో తరగతి పిల్లలు మొదట్లో ‘మేమేమన్నా చిన్నపిల్లలమా సార్’ అంటారు, పట్టించుకోకండి. రెండు నిమిషాల్లో కొట్టుకోవడం మొదలుపెడతారు. ఎందుకంటే ఒకరింట్లో అది గడ్డిమోపు, ఇంకొకరింట్లో గడ్డిమేటు. ఒకరికి గొల్లవాడు, ఒకరికి పాలేరు. ఒకరికి బువ్వ పెట్టనిది అవ్వ, ఒకరికి అమ్మ. ‘మా మామ్మ ఇలా చెప్పలేదు సార్’ అని ఎవరైనా లేచి నిలబడ్డారా, ఇక మీ పాఠం నడిచినట్టే. ఏది రైటు అని తేల్చకండి. గొల్లవాడిని పాలేరుగా మారిస్తే కథలో ఏం మారింది, ఆవుని మేకగా మారిస్తే ఏం మారుతుంది, చీమని తీసేసి దోమని పెడితే కుదురుతుందా అని అడగండి. దోమకి పుట్ట లేదు కదా! అక్కడే వాళ్లకి తెలుస్తుంది, కొన్ని మార్చొచ్చు, కొన్ని మారిస్తే కథ పడిపోతుందని.

నేపథ్యం. దీన్ని మనం ‘కథ జరిగిన కాలము, స్థలము’ అని చెప్పేసి వదిలేస్తాం. నేను తీరం పక్క బడిలో కొంతకాలం పనిచేశాను, కళింగపట్నం వైపు. అక్కడ ఈ కథ చెప్పగానే పిల్లలు నవ్వారు. చేపలు ఎండబెట్టడమంటే ఏంటో వాళ్లకి తెలుసు. ఇసకలో పరవాలి, తిరగెయ్యాలి, కాకుల్ని తోలుతూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి, మబ్బు పడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ‘రాజుగారి కొడుకులు చేపలెందుకు ఎండబెట్టుకుంటారు సార్, వాళ్లకి పనోళ్లు లేరా’ అని ఒకడు, ‘నీడ పడితే జరిపి పెట్టుకోవాలి గానీ గడ్డిమోపుని అడుగుతారేంటి’ అని ఇంకొకడు. నెత్తళ్లు ఎండబెట్టే ఇంట్లో పుట్టినవాడికి ఎండ, నీడ అనేవి కథకి వెనకాల వేలాడే బొమ్మలు కావు, అసలు గొడవే ఎండకీ నీడకీ మధ్య. అదే నేపథ్యం అంటే. ఈ మాట ఏ మాడ్యూల్లోనూ చదవలేదు, ఆ పిల్లల దగ్గరే విన్నాను. ఎగువ మండలాల్లో ఉన్నవాళ్లు చేపల బదులు మినుములు అనుకోండి, చింతపండు అనుకోండి, మీ ఊళ్లో ఏది ఎండబెడితే అది.

ఇక సంఘర్షణ, ఇతివృత్తం. ఈ రెండింటికీ నా దగ్గరున్న పరికరం కాగితపు స్లిప్పులు. చీమ కుట్టింది, పిల్లాడు ఏడ్చాడు, అవ్వ బువ్వ పెట్టలేదు, పాలేరు ఆవుని మేపలేదు, ఆవు మెయ్యలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, చేప ఎండలేదు. స్లిప్పుకొకటి రాసి కలిపేసి జట్టుకొక కట్ట ఇవ్వండి. జరిగిన వరసలో పేర్చమనండి. పేర్చి గట్టిగా చదవమనండి. చీమ కుట్టింది కాబట్టి పిల్లాడు ఏడ్చాడు, ఏడ్చాడు కాబట్టి అవ్వ బువ్వ పెట్టలేదు... పోలీసు రిపోర్టులా ఉంటుంది, ఎవడూ వినడు. ఇప్పుడు మామ్మ చెప్పిన వరసలో పేర్చమనండి, అంటే తల్లకిందులుగా. అప్పుడు ప్రతి జవాబు దగ్గరా ఇంకో ‘ఎందుకు’ లేస్తుంది. జరిగింది అదే, చెప్పిన వరస వేరు. ఏడో తరగతి పిల్లాడికి ఇతివృత్తం అంటే ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. తర్వాత మధ్యలో ఒక స్లిప్పు దాచెయ్యండి. పాలేరు స్లిప్పు తీసేస్తే అవ్వకీ ఆవుకీ సంబంధం లేకుండా పోతుంది, పిల్లలే పట్టేసుకుంటారు. వాళ్లు సొంతంగా రాసిన కథలకి కూడా ఇదే పరీక్ష పెట్టండి: ఈ వాక్యం తీసేస్తే ఏమన్నా తెగుతుందా?

ట్రైనింగుల్లో ఒక కొండ బొమ్మ వేయిస్తున్నారు, గమనించారా? ఇటు ఎక్కడం, పైన పరాకాష్ఠ, అటు దిగడం. అది ఎక్కడిదో ఎవరూ చెప్పరు. గుస్తావ్ ఫ్రైటాగ్ అని జర్మనీ ఆయన, 1863లో, అంటే సరిగ్గా మన గిడుగు వారు పుట్టిన ఏడాదే, నాటకాల మీద ఒక పుస్తకం రాశాడు. అయిదంకాల నాటకం ఎలా నడుస్తుందో చెప్పడానికి వేసుకున్న బొమ్మ అది. మన నాట్యశాస్త్రంలోనూ ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని అయిదు దశలున్నాయి, అవీ నాటకానివే. తప్పని అనను. మామ్మ చెప్పిన కథని ఆ కొండ మీదకి ఎక్కించబోతే మాత్రం ఎక్కదు. ఏడు చేపల కథకి దిగడమే లేదు. పరాకాష్ఠ ఆఖరి వాక్యంలో ఉంది, దాని తర్వాత ఏమీ లేదు, చేప చివరికి ఎండిందో లేదో కూడా ఎవరికీ తెలీదు.

ఆ ఆఖరి వాక్యం గురించి ఒక అమ్మాయి చెప్పింది వినండి. ఏడో తరగతి. క్లాసులో నోరు విప్పే పిల్ల కాదు. ‘సార్, అందరూ పక్కవాళ్ల మీదకి తోసేశారు, చీమ ఒక్కటే ఎదురు అడిగింది’ అంది. నేను అప్పటిదాకా ఎంతమందికి ఆ కథ చెప్పుంటానో, నాకు ఆ మాట తట్టలేదు. చూడండి, నిజమే కదా. చేప గడ్డి మీద తోసింది, గడ్డి ఆవు మీద, ఆవు పాలేరు మీద, అందరివీ సంజాయిషీలే. చీమ మాత్రం ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంది. రాజుగారి కొడుకుని పట్టుకుని అడిగిందండీ! పుట్ట బంగారంది ఎందుకైంది అని నేనడిగితే ‘దాని ఇల్లు దానికి బంగారమే కదా సార్’ అంది అదే పిల్ల. పాత్ర అంటే అది. రంగు, ఎత్తు, మంచివాడు, చెడ్డవాడు కాదు. దానికి ఏం కావాలి, ఎవరు అడ్డమొచ్చారు, అప్పుడు అది ఏమంది.

ఆ పిల్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, టైమ్ చూడకండి సార్, ఇది చెప్పడానికే వచ్చాను.

ఆ ఏడాది సమ్మెటివ్ పరీక్షలో ‘మీకు తెలిసిన కథను సొంతమాటల్లో రాయండి’ అని ఇచ్చారు. ఆ పిల్ల ఏడు చేపల కథని పాలేరు నోటితో రాసింది. ‘నేను పొద్దున్న లేచి కొట్టం ఊడ్చాను. బువ్వ కోసం అరుగు మీద కూర్చున్నాను. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు. పెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం రాజుగారి కొడుకొచ్చి చేప ఎండలేదని నన్ను అడిగాడు. నేను తిన్నానా అని అడగలేదు.’ ఇలా ఒక పేజీ. దృష్టికోణం అనే మాట ఆ పిల్లకి నేను చెప్పలేదు. ‘అతను’ ఉన్నచోట ‘నేను’ పెట్టి చూడండి అన్నాను క్లాసులో, అంతే. పేపర్లు వేరే బడి నుంచి వచ్చిన మాస్టారు దిద్దారు. పదికి రెండు వేసి పక్కన ఎర్రసిరాతో ‘నీతి ఎక్కడ?’ అని రాశారు. నేను వెళ్లి అడిగాను. పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. కీ చూపించాడు. ప్రారంభానికి ఇన్ని, పాత్రలకి ఇన్ని, నీతికి ఇన్ని. ‘పైగా ఇది అసలు కథ కాదు కదండీ, మార్చేసింది’ అన్నాడు. మార్చకపోతే సొంతమాటలు ఎలా అవుతాయండీ? ఆయన రూలు ప్రకారం చేశాడు, ఆయన్ని అనను. ఆ కీ తయారుచేసిన వాళ్లని అంటాను. ఆ పిల్ల తర్వాతి పరీక్షలో ఏం రాసిందో తెలుసా? రాముడు, సోముడు. పదికి తొమ్మిది వచ్చాయి.

వెనక వరసలో మాస్టారు, ఫోన్ పక్కన పెట్టి ఈ ఒక్కటీ వినండి. నీతి వద్దనడం లేదు నేను. చిన్నయసూరి గారి నీతిచంద్రిక 1853లో వచ్చింది, అప్పటినుంచీ తెలుగు బడిలో కథ అంటే నీతి అనే లెక్క నడుస్తోంది. మరి అందులోని మిత్రభేదం కథే తీసుకోండి. దమనకుడనే నక్క చాడీలు చెప్పి, పింగళకుడనే సింహం చేత దాని స్నేహితుడు సంజీవకుడనే ఎద్దుని చంపించి, తానే మంత్రిగా స్థిరపడతాడు. పిల్లలకి నచ్చేది కూడా దమనకుడే, వాడి మాటకారితనమే. ఆఖర్న ఒక్క లైన్ నీతి రాయమంటే ఏం రాయాలి? చాడీలు చెబితే ఉద్యోగం వస్తుందనా? కథ అంతకంటే చాలా పెద్దది. ఏడు చేపలని కూడా వదల్లేదు మనవాళ్లు. వాట్సాప్‌లో తాత్పర్యం తిరుగుతోంది, మీ అందరికీ వచ్చే ఉంటుంది. ఎండని చేప మనసట, గడ్డి అజ్ఞానమట, ఆవు జ్ఞానమట. ఉండొచ్చు, పెద్దలకి అది ఆనందం. పదకొండేళ్ల పిల్లాడి చేతికి ముందుగా ఆ తాత్పర్యం ఇచ్చేస్తే వాడు ఇక ‘అవ్వ ఆ పిల్లాణ్ణి ఎందుకు చూసుకోలేదు’ అని అడగడు. అడిగించండి. నీతి కావాలంటే వాడే తేల్చుకుంటాడు, ఒక్కొక్కడు ఒక్కోటి తేలుస్తాడు, తేల్చకపోయినా కొంప మునగదు.

ముగింపు ఎలా చెప్పాలి, ఎత్తుగడ ఎలా చెప్పాలి అని ఇంకా రాసుకొచ్చాను గానీ టైమ్ లేదు. ఎత్తుగడకి మాత్రం ఒక చిట్కా. గురజాడ వారి దిద్దుబాటు 1910లో వచ్చింది, అది మూసిన తలుపు ముందు ‘తలుపు! తలుపు!’ అన్న కేకతో మొదలవుతుంది. కథంతా ఏడో తరగతికి చెప్పలేం, విషయం పెద్దవాళ్లది. ఆ ఒక్క కేక బోర్డు మీద రాసి, పిలిచింది ఎవరు, లోపల ఎవరున్నారు, ఎందుకు తియ్యడం లేదు అని అడిగి వదిలెయ్యండి. ‘అనగనగా ఒక ఊరిలో’ అన్నది ఆ క్లాసులో ఆ రోజుకి మళ్లీ వినపడదు.

ఎంఈవో గారూ, మీరు ఉండగానే ఒక విన్నపం. ఈసారి మన మండలం వరకు కథారచన ప్రశ్నకి మార్కుల పట్టికలో నీతి అనే గడి తీసేసి, ఆ మార్కులు ‘ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందా’ అన్నదానికి ఇద్దాం. తీర్మానం రాసి తెచ్చాను, సంతకాలు పెట్టేవాళ్లు పెట్టండి, పెట్టనివాళ్లు ఎందుకు పెట్టరో లేచి చెప్పండి, వింటాను.

స్లిప్పులు ఈ కవర్లలో ఉన్నాయి. అయిదుగురేసి కూర్చోండి, ఒకే బడి వాళ్లు ఒకచోట వద్దు. జరిగిన వరసలో ఒకసారి, చెప్పే వరసలో ఒకసారి పేర్చండి, తర్వాత జట్టుకొకరు చీమగానో, గడ్డిమోపుగానో లేచి మాట్లాడాలి. హెచ్‌ఎం గారూ, మీరూ రండి, ఆ మూల జట్టులో నలుగురే ఉన్నారు. హాజరు రిజిస్టరు టీ తర్వాతే తిప్పుతారట, కనుక్కునే వచ్చాను.