మిగిలిన నాలుగు పోగులు

హెడ్‌మాస్టరు గారికి, ఉపాధ్యాయులకు, పిల్లలకు, పని మానుకుని వచ్చిన కొబ్బరి దింపు కార్మిక సోదరులకు నమస్కారం. గురుపూజోత్సవం కాబట్టి గురువుల గురించి మాట్లాడమని పిలిచారు. కానీ సెప్టెంబరు 5 ప్రపంచ వెన్నుపాము గాయాల దినం కూడా. అంబాజీపేట చుట్టుపక్కల ఫిజియోథెరపీ చేస్తూ బతికినవాణ్ణి. ఇంతమంది ఒక్కచోట దొరికాక ఆ మాట చెప్పకుండా వెళ్ళలేను. గురువులు మన్నించాలి.

2024 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి ఒక కబురు వచ్చింది. గ్రెగ్వార్ కూర్టిన్ అనే శాస్త్రవేత్త, జోసెలిన్ బ్లోక్ అనే న్యూరోసర్జన్, వాళ్ళ బృందం వెన్నుపాము దెబ్బతిన్న ఇద్దరికి మెదడులో కరెంటు అందించే సన్నని తీగలు, ఎలక్ట్రోడ్లు పెట్టారు. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటారు దీన్ని. వణుకుడు జబ్బుకి ఎప్పటినుంచో వాడుతున్నదే. ఛాతీ దగ్గర చర్మం కింద చిన్న యంత్రం, అక్కడి నుంచి మెదడుకి తీగ. కొత్త సంగతల్లా ఎక్కడ పెట్టారన్నదే. హైపోథాలమస్ పక్క భాగంలో పెట్టారు. ఆకలికీ, మెలకువకీ సంబంధించిన చోటది. నడకతో దానికి పనుంటుందని ఎవరూ అనుకోలేదు. ముందు ఎలుకల మెదడంతా గాలించి ఆ చోటు పట్టుకున్నారు. కరెంటు ఇవ్వగానే, ఆపరేషన్ బల్ల మీద మెలకువగా ఉన్న మనిషి కాళ్ళు తెలుస్తున్నాయంది, నడవాలనిపిస్తోందంది! నెలల తరబడి వ్యాయామం చేయించాక, యంత్రం ఆపినా ఇద్దరికీ నడకలో వచ్చిన మెరుగు నిలిచింది.

ఇద్దరే, నిజమే. రేపే కాకినాడలో చేసేస్తారని నేను చెప్పను. కానీ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఆ ఇద్దరికీ వెన్నుపాము పూర్తిగా తెగలేదు. కొబ్బరి తాడు తెగిందనుకుని దగ్గరికెళ్ళి చూస్తే నాలుగు పోగులు నిలిచి ఉంటాయి చూడండి, అలా కొన్ని నరాలు మిగిలాయి. ఆ మిగిలిన నరాల చేతే ఈ వైద్యం పని చేయిస్తుంది. అవీ లేకపోతే లోజాన్ తీసుకెళ్ళినా ఈ వైద్యం పనికిరాదు.

మరి మనం ఏం చేస్తున్నాం? నా దగ్గరికి ఒకతన్ని తెచ్చారు. దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు. కింద పడ్డప్పుడు కాలివేళ్ళు కదిలాయని భార్య ఒట్టేసి చెప్పింది. చుట్టుపక్కలవాళ్ళు ప్రేమ కొద్దీ లేపి కూర్చోబెట్టారు, మంచినీళ్ళు తాగించారు, బండి మీద ఇద్దరి మధ్య ఇరికించి, గట్టు మీద గోతుల్లో ఎగరేసుకుంటూ తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో స్ట్రెచర్ లేదని చొక్కా పట్టుకుని బల్ల మీదికి లాగారు. ఆ తర్వాత వేళ్ళు కదల్లేదు. ఆవిడ ఏళ్ళ తరబడి నన్ను అడిగింది, 'బాబూ, అప్పుడు కదిలాయి కదా' అని. ఏం చెప్పను? మనిషిని వంచిన ప్రతిసారీ విరిగిన ఎముక ముక్క లోపలికి దిగే ప్రమాదం ఉంటుంది. చెట్టు మీంచి పడ్డ దెబ్బ ఒకటి. మనం చేతులారా కొట్టేది రెండోది.

గీత కార్మికులూ ఉన్నారు కదా ఇక్కడ? చేతులెత్తండి. మీలో పడినవాణ్ణి చేతులూ కాళ్ళూ పట్టుకుని మోసిన వాళ్ళెంతమంది? తప్పు మీది కాదు, చెప్పినవాళ్ళు లేరు.

హెడ్‌మాస్టరు గారూ, గురువుల మీద రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంచుతాను. ఆ పది నిమిషాలూ దీనికివ్వండి. ఎన్‌సీసీ పిల్లలూ, నలుగురు రండి. ఒకరు వెల్లకిలా పడుకోండి. నువ్వు తల దగ్గర కూర్చో, రెండు చేతులతో తల కదలకుండా పట్టుకో, లెక్క నువ్వే పెట్టాలి. మిగతా ఇద్దరూ ఒకే పక్కన, ఒకరు భుజం నడుం, ఒకరు తుంటి మోకాలు. 108 వచ్చేదాకా అసలు కదపకూడదు. నీళ్ళలోనో, మంటల దగ్గరో పడితేనే ఇలా తిప్పి చెక్క మీదికి చేర్చాలి. తల, మెడ, నడుం ఒకే వరసలో తిరగాలి. దింపు సోదరులూ, దగ్గరికి రండి, తర్వాత మీ చేతే చేయిస్తాను. ఫోన్ చేసేది ఎవరు? నువ్వా? ఊరి పేరు, చెట్టున్న తోట గుర్తు చెప్పు. ఒకటి, రెండు, మూడు, తిప్పండి.