మేకలు వదిలే నెలలో కంది: మలావీ నుంచి ఒక కాల్, తాండూరు నుంచి ఒక కాల్

(ఆదివారం సాయంత్రం ఫోన్-ఇన్ కార్యక్రమం రాతప్రతి. సలహాదారు ఆఫ్రికా దేశాల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన వ్యవసాయ శాస్త్రవేత్త.)

యాంకర్: లైన్లో ఆఫ్రికా దేశం మలావీ నుంచి ఒకరు ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. లిలాంగ్వే దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. మాది అనంతపురం జిల్లా. ఇక్కడ ఒక సంస్థలో అగ్రానమిస్టుని. వేరుశనగలో కంది సాళ్ళు మనకేం కొత్త సార్? చిన్నప్పటి నుంచి చూసిందే. ఇక్కడా అదే పెట్టించా. డెమో ప్లాట్‌లో విరగకాసింది, పెద్దవాళ్ళంతా వచ్చి ఫోటోలు దిగారు. మరుసటి ఏడు ముప్పై మందికి విత్తనం ఇస్తే వేసింది నలుగురే. ఆఫీసులో రిపోర్టు అడుగుతున్నారు, ఒకటే టెన్షన్.

సలహాదారు: వేసిన ఆ నలుగురి కంది ఏమైంది బాబూ?

కాలర్: మేకలు తినేశాయి సార్.

సలహాదారు: ఏ నెలలో?

కాలర్: మే చివర్లో. మొక్కజొన్న కోతలు అయిపోయాక.

సలహాదారు: మరి మీ డెమో ప్లాట్?

కాలర్: దానికి కంచె ఉంది సార్.

సలహాదారు: (నవ్వుతూ) అయితే మీరు చూపించింది కంది కాదు, కంచె. వాళ్ళకి కంచె లేదు, మీరిచ్చిన సంచిలో విత్తనమే ఉంది. అక్కడ వాన నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటుంది. మొక్కజొన్న, వేరుశనగ ఇంటికి చేరగానే ఊళ్ళో మేకల్ని వదిలేస్తారు. అప్పటికి పొలంలో పచ్చగా నిలబడి ఉండేది మీ కంది ఒక్కటే. ఇంకేం మిగులుతుంది? వేయనివాళ్ళు మూర్ఖులు కారు, వాళ్ళకది ముందే తెలుసు. మీరు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

కాలర్: పంట ఆలోచన తప్పంటారా?

సలహాదారు: కానే కాదు. కంది మొదట్లో నెమ్మదిగా పెరుగుతుంది, వేరుశనగ మీద దాని నీడ పడదు. వేరుశనగ పీకేశాక పుంజుకుంటుంది. ఆకు రాలి నేలకి బలం. ఎరువు కొనలేని చోట అదెంత పెద్ద విషయమో మీకు చెప్పక్కర్లేదు. చితేజె పరిశోధన కేంద్రం మీకు దగ్గరే, ఈ జంట పంట మీద అక్కడ పని జరిగింది. వెళ్ళి కూర్చోండి. వెళ్ళేముందు ఆ కేంద్రం వాళ్ళదే ఒక పాత సంగతి వినండి. నాకు చాలా ఇష్టమైనది.

యాంకర్: చెప్పండి సార్, టైం ఉంది.

సలహాదారు: మలావీలో ఏళ్ళ తరబడి హైబ్రిడ్ మొక్కజొన్న ఇచ్చారు. దిగుబడి మంచిదే. అయినా చిన్న రైతులు ఇంటి తిండికి నాటుదే వేసుకునేవారు. ఎందుకో తెలియాలంటే రోలు దగ్గరికి వెళ్ళాలి. ఆ హైబ్రిడ్ గింజకి నెత్తిన సొట్ట ఉంటుంది, లోపల మెత్తన. రోట్లో వేసి దంచితే తవుడు విడిపోకుండా గింజే నలిగి పిండైపోయేది. తవుడు చెరిగితే దాంతోపాటు తిండీ పోయేది. పైగా గాదెలో త్వరగా ముక్కు పురుగు పట్టేది. నాటు గింజ గాజుపెంకులా గట్టిది. దంచితే పొట్టు ఊడుతుంది, తెల్లటి పిండి ఎక్కువొస్తుంది. వాళ్ళు రోజూ తినే న్సిమాకి ఆ తెల్లపిండే కావాలి. మన సంకటి లాంటిదే అనుకోండి. ఎకరాకి ఎన్ని బస్తాలని సైంటిస్టు లెక్కపెడుతుంటే, దంచాక చేటలో ఎంత మిగిలిందని దంచే ఇల్లాలు లెక్కపెడుతోంది.

యాంకర్: తర్వాత ఏం చేశారు?

సలహాదారు: గట్టి గింజ వచ్చే హైబ్రిడ్లే తయారుచేశారు. ఎంహెచ్ 17, ఎంహెచ్ 18. 1990లో విడుదలయ్యాయి. రైతుని మార్చాలని చూడకుండా పరిశోధననే మార్చుకున్నారు. ఇది కాగితం మీద రాసినంత తేలిక కాదు. ఎందుకంటే బ్రీడరుకి, అంటే కొత్త రకాలు తయారుచేసే సైంటిస్టుకి, ప్రమోషన్ ఇచ్చేది రోలు కాదు కదా!

కాలర్: ఇప్పుడు నేనేం చేయాలి సార్? మళ్ళీ సీజన్ వస్తోంది.

సలహాదారు: ముప్పై మందిని ఊరంతా చెదరగొట్టకండి. పొలాలు పక్కపక్కన ఉన్నవాళ్ళని పట్టుకోండి. వానలకి ముందే ఊరి పెద్దని, అక్కడ మ్ఫుము అంటారుగా, ఆయన్ని కలవండి. కంది కోసేదాకా ఆ వైపు మేకల్ని కట్టేసుకోవాలని ఊరు మాట అనుకోవాలి. మేకలున్నవాళ్ళు ఆ మాటల్లో లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. రకం కూడా మార్చండి. మధ్యకాలిక రకం మ్వైవతు అలిమి ఉంది, దీర్ఘకాలికం కన్నా ముందే కోతకొస్తుంది. ఇక్కణ్ణుంచి మన స్వల్పకాలిక రకం మాత్రం పట్టుకెళ్ళకండి. వానల్లోనే పూతకొచ్చి పురుగుపాలవుతుంది.

కాలర్: ఆ పని చేయబోయాను సార్, మంచిమాట చెప్పారు.

సలహాదారు: రిపోర్టులో మేకల సంగతి దాచకుండా రాయండి. అందులో పనికొచ్చే ముక్క అదొక్కటే.

యాంకర్: తాండూరు నుంచి ఇంకో కాల్. చెప్పండన్నా.

కాలర్ 2: నమస్తే సార్. ఇంతసేపు విన్నా. నాకు కోపమే వచ్చింది. మొజాంబిక్ కంది, మలావీ కంది ఇక్కడికే వస్తోంది. మా ధర పడుతోంది. మీరేమో అక్కడ ఇంకా పండించమని చెబుతున్నారు. మా సంగతేంది?

సలహాదారు: మీ కోపం న్యాయమే అన్నా. మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం 2016లో అయింది, మలావీతో 2021లో. మన పంట రాకముందు వాళ్ళ గింజ దిగుతుంది. ధర మీద దెబ్బ ఉండదని చెప్తే అబద్ధమే అవుతుంది. కానీ ఇంకో సంగతి. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం దిగుమతికి పరిమితి పెట్టింది. అక్కడ ధర ఒక్కసారిగా కూలింది. ఒకటి రెండెకరాల మనిషి, ఢిల్లీలో కాగితం మారితే ఆయన గింజ అడిగే నాథుడు లేడు.

కాలర్ 2: అయ్యో. మా లెక్కనే ఉంది.

సలహాదారు: అందుకే ఎగుమతి ఒక్కటే చూసి రకాలు ఇవ్వొద్దంటాను. ఇంట్లో వండుకునేది ముందు కావాలి. అక్కడివాళ్ళకి పెద్ద గింజ, తెల్లది ఇష్టం. కొనేవాడు రాకపోతే కనీసం పొయ్యి మీదికి వెళ్తుంది.

కాలర్ 2: వాళ్ళు కందిని ఎట్ల తింటరు సార్? పప్పు చేసుకుంటరా?

సలహాదారు: మనలా పప్పు పట్టించడం తక్కువ. గింజని పొట్టుతోనే ఉడకబెట్టి, ఉల్లిపాయ, టమాటా వేసి న్సిమాతో తింటారు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఉప్పేసి తొక్కతోనే ఉడికిస్తారు.

కాలర్ 2: పచ్చికాయనా? మేము కూడా అట్లనే సార్. సంక్రాంతి ముందు, చేన్లోనే కుండ పెట్టి.