కుంచెల సబ్బు రివ్యూ: మొన నిలుస్తుందా, లేదా?

నమస్కారం. ఈ రోజు నా బల్ల మీద ఉన్నది కుంచెలను కడగడానికి ప్రత్యేకంగా తయారుచేసిన గట్టి సబ్బు. దీన్ని సంస్థవారే ఉచితంగా పంపారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు, ఈ వీడియోను ముందుగా వారికి చూపించనూ లేదు. ధర, బరువు, పరిమళం వంటి వివరాలను పక్కన పెట్టి, ఇది కుంచె మొనను కాపాడుతుందా లేదా అన్న ఒక్క విషయమే మాట్లాడతాను.

కుంచె ఆకారం చెడేది కొసన కాదు, వెంట్రుకల మొదలు దగ్గర. వెంట్రుకలను పిడికి పట్టి ఉంచే లోహపు గొట్టంలోకి, అంటే ఫెర్రూల్‌లోకి, రంగు చేరి ఎండిపోతే వెంట్రుకలు అక్కడే ఎడమవుతాయి. మొదలు దగ్గర వెంట్రుకవాసి ఎడం వచ్చినా మొన రెండు పాయలుగా చీలుతుంది. వాటర్ కలర్ ఎండినా నీటిలో మళ్లీ కరుగుతుంది కాబట్టి భయం తక్కువ. ఆక్రిలిక్ ఎండితే ప్లాస్టిక్ పొరే. ఇక నీటికి లొంగదు. అందుకే ఈ సబ్బును ఆక్రిలిక్ వేసిన వెంటనే పరీక్షించాను. కుంచెను అరచేతిలో నురుగుతో సున్నితంగా తిప్పి, ఫెర్రూల్ దగ్గర వేళ్లతో నొక్కుతూ పోతే, పైకి శుభ్రంగా కనిపించిన కుంచెలోంచి కూడా నీలిరంగు నురుగు వస్తూనే ఉంది. నురుగు తెల్లబడే వరకూ కడగడం ఆపకూడదు.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది ఆ తరువాతి పని. కడిగిన కుంచెకు మళ్లీ కాస్త సబ్బు పట్టించి, వేళ్లతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరనిస్తే, ఉదయానికి అది దుకాణంలో కొన్ననాటి కుంచెలా బిగుసుకుని ఉంటుంది. కొత్త కుంచెలను జిగురుతో బిగించి అమ్మేదీ ఇందుకే. ఇంతకుముందు నేను వాడిన గిన్నెలు తోమే ద్రవం రంగును బాగానే వదిలించేది కానీ, కోలిన్‌స్కీ (ముంగిసలాంటి ఒక చిన్న జంతువు తోక) వెంట్రుకలను పీచులా ఎండబెట్టేది. 1866 నుంచి పేరున్న విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 వంటి ఖరీదైన కోలిన్‌స్కీ కుంచెలున్నవారికి ఈ తేడా చిన్నది కాదు. మళ్లీ రంగులో ముంచే ముందు ఆ సబ్బును నీటితో పూర్తిగా కడిగేయడం మరవకండి.

ఇక డబ్బా సంగతి. నీరు జారిపోవడానికి ఒక్క రంధ్రమైనా లేదు! తడి కుంచెను రుద్దిన ప్రతిసారీ నీరు నిలిచి సబ్బు పైభాగం జావగా మారుతోంది, మరమూత అంచున అది ఎండి మూత బిగుసుకుపోతోంది. సబ్బు మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు మూతను ఎందుకు గాలికి వదిలేశారో తెలియదు. ప్రస్తుతం నేను సబ్బును డబ్బాలోంచి తీసి, చిల్లులున్న సోప్ బాక్స్‌లో పెట్టుకున్నాను.

సహజమైన వెంట్రుకల కుంచెలు వాడేవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. ఆ మొన కోసం డబ్బా చికాకును నేను భరిస్తాను. సింథటిక్ కుంచెలు మాత్రమే ఉన్నవారికి స్నానపు సబ్బే చాలు. వాటి కొస కొక్కెంలా వంగితే ఏ సబ్బూ సరిచేయదు; ఫెర్రూల్ తడవకుండా కొసను మాత్రం వేడినీటిలో కొన్ని క్షణాలు ముంచి, వేళ్లతో తిన్నగా చేసి చల్లారనివ్వాలి. అదే వేడినీరు సహజ కుంచెలకు పనికిరాదు; ఏ కుంచెకైనా అది ఫెర్రూల్‌లోకి చేరితే అందులోని జిగురు వదులవుతుంది.